సాఫ్టువేరు నాణ్యమును కొలుచు విధము

వస్తు వేదైనను దాని వెల నడుగుటకు ముందు దాని నాణ్యమును విచారించుట లోకాచారము. ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో గీఁటురాతిపై గీసి వన్నె చూతురు. మైదుకూరి ప్రాంతమున పసుపు కొనువాఁడు బస్తాలోనికి చేయి చొప్పించి నాలుగు కొమ్ములు తీసి, విఱిచి, లోపలి రంగు చూచును. పాలు పోయించుకొను గృహిణి చుక్కను గోటిపై నుంచి, అది నిలుచునో జాఱునో కనిపెట్టును. ఇట్లు ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క కొలత తరతరములుగా ఏర్పడి యున్నది. అయితే మన కాలమున పుట్టిన యొక వస్తువు కలదు. అది కంటికి కనఁబడదు, చేతికి చిక్కదు, త్రాసున కెక్కదు. దానికే సాఫ్టువేరని పేరు. దాని నాణ్యమును కొలుచు టెట్లను ప్రశ్నను గూర్చి మా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవింపఁ దలఁచితిమి.

ఇది ఇంజనీర్లకు సంబంధించిన సంగతి గదా, ఉన్నత పాఠశాల పత్రిక కేల యని కొంద ఱడుగవచ్చును. నేఁడు బ్యాంకిలో నిలువయున్న సొమ్ము, చౌకదుకాణమున తూచు బియ్యము, ఆసుపత్రిలో వ్రాయు రక్తపరీక్ష ఫలితము, మన పిల్లల మార్కులు, ఇవన్నియు సాఫ్టువేరు గుండ నడచుచున్నవి. మఱియు ఈ జిల్లా పాఠశాలలలో అక్షరములు దిద్దిన పిల్లలలో పలువురు బెంగుళూరు, హైదరాబాదు నగరములలో ఆ సాఫ్టువేరును వ్రాయుటకును, పరీక్షించుటకును పోవుచున్నారు. కావున ఇది మన ఇంటి సంగతియే.

ఈ వృత్తిలోనివారు నాణ్యమును ఎట్లు కొలుతురని విచారింపఁగా, సామాన్యముగా నాలుగు లెక్కలు వినవచ్చును.

మొదటిది వ్రాఁత యొక్క పరిమాణము. ఒక్కొక్కఁడు ఎన్ని పంక్తుల ప్రోగ్రాము వ్రాసెనని లెక్కించు నాచారము పూర్వము పెక్కుచోట్ల నుండెను. వ్యాసరచనలో పుటలు నింపినవానికే మార్కులు వేసినచో నేమగునో ఉపాధ్యాయు లందఱు నెఱుఁగుదురు. పది పంక్తులలో ముగియఁదగిన మాట నలువది పంక్తులకు సాగును. రెండవది పరీక్షల సంఖ్య. వేయి పరీక్షలు చేసితిమి, వేయియు నెగ్గినవి యని చెప్పుదురు. రెండును రెండును నాలుగేనా యని వేయి విధముల నడిగినను అది యొక్క ప్రశ్నయే గాని వేయి ప్రశ్నలు గావు.

మూఁడవదానికి కవరేజి యని పేరు. ప్రోగ్రాములోని పంక్తులలో నూటి కెన్ని పరీక్షాకాలమున ఒకమాఱైనను నడచినవో ఇది చెప్పును. ఇది కొంత మేలైన లెక్క. ఎన్నఁడును నడచి చూడని భాగము లెచ్చట నున్నవో దీనివలన తెలియును. కాని నడచిన పంక్తి సరిగా నడచెనా యనునది దీనివలన తెలియదు. పుస్తకములోని ప్రతి పుటను త్రిప్పిన బాలుఁడు ప్రతి పుటను గ్రహించెనని ఏ యుపాధ్యాయుఁడు నమ్మును? నాలుగవది తప్పుల సంఖ్య. పరీక్షించువాఁడు పట్టిన తప్పుల లెక్కనుబట్టి వానిని మెచ్చుకొన్నచో వాఁడు చిల్లర తప్పులను ప్రోవు చేయును. వ్రాసినవాని తప్పుల లెక్కనుబట్టి వానిని నిందించినచో వాఁడు తప్పులను దాఁచును. రెండు విధములను లెక్క పెరుగునో తఱుగునో కాని, నాణ్యము మాత్రము ఉన్నచోటనే యుండును.

చార్లెస్ గుడ్‌హార్ట్ అను బ్రిటిషు అర్థశాస్త్రవేత్త 1975లో ద్రవ్యవిధానమును గూర్చి వ్రాయుచు ఒక పరిశీలనము చేసెను. అది నేఁడు ఆయన పేరిట సూత్రమై అన్ని రంగములకు వ్యాపించినది. దాని భావ మేమనఁగా: ఏ సంఖ్యనైతే మనము గుఱిగా పెట్టుకొని మనుష్యులను దానికొఱకు పరుగెత్తించుదుమో, ఆ సంఖ్య అంతటితో నమ్మదగని దగును. మార్కులకొఱకే చదివించు పాఠశాలలను చూచిన మనకు ఈ సూత్రమునకు వేఱొక నిదర్శన మక్కఱలేదు.

ఇంకొక చిక్కు కలదు. పసుపు బస్తాలో నాలుగు కొమ్ములు చూచి తక్కిన వానిని గూర్చి నిర్ణయించుటలో న్యాయ మున్నది. ఏలనఁగా అవి యొక చేనిలో పండి యొక తీరున ఉడికినవి. కరఁగించి పోసిన బంగారమును ఒకచోట గీసి చూచిన చాలును. సాఫ్టువేరు అట్టిది గాదు. అందులో నొక పంక్తి మఱియొక పంక్తిని పోలదు. లక్ష పంక్తులు నిర్దోషములైనను లక్షయొకటవది ప్రాణాంతకము కావచ్చును. 1996 జూన్ 4వ తేదీన ఏరియేన్ 5 అను ఐరోపావారి రాకెట్టు తన ప్రథమప్రయాణముననే, ఎగిరిన నలువది సెకండ్లలోపల ముక్కలైపోయెను. పూర్వపు రాకెట్టులో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము భాగమునే అందు వాడిరి. క్రొత్త రాకెట్టు వేగ మెక్కువ. పెద్ద సంఖ్య యొకటి దానికై కేటాయించిన చిన్న గడిలో పట్టలేదు. కారణ మంతియే. పాత బండిలో మంచిదని పేరుపొందిన యిరుసు క్రొత్త బండిలో విఱిగినట్లయ్యెను. కాఁబట్టి పరీక్షలో తప్పు దొరకినచో తప్పున్నదని తెలియును. దొరకనిచో దొరకలేదని మాత్రమే తెలియును. గడ్డివామిలో చేయి పెట్టినపుడు తేలు కుట్టలేదు గనుక తేలు లేదని చెప్పరాదు గదా.

ఇఁక మన భాషకు సంబంధించిన యొక సంగతి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఐఫోనులు ఒక తెలుఁగు అక్షరమును చూచి స్తంభించెను. ఆ యక్షరము ‘జ్ఞా’. జకారమునకు ఞకారవత్తును ఆకారమును చేరునపుడు, కంటికి కనఁబడని విభాగచిహ్న మొకటి నడుమ నున్నచో, ఆ కూడికను తెరపై చిత్రింపఁబోయిన యాప్ మూఁతపడెను. అట్టి యక్షరముగల సందేశమును ఎవఁడైనను పంపినచో, అందుకొన్నవాని ఫోనులో ఆ సందేశముల యాప్ మరల తెఱచుకొనకుండెను. వార్త లోకమంతట వ్యాపించిన కొలఁది దినములకే, ఫిబ్రవరి 19వ తేదీన, కంపెనీవారు సవరణను విడుదల చేసిరి.

ఆ ఫోను పరీక్షింపఁబడకయే అంగడికి రాలేదు. ఆ కంపెనీవారు లెక్కలేనన్ని పరీక్షలు చేయుదురనుట నిస్సందేహము. అయినను 2011 జనాభాలెక్కల ప్రకారము మన దేశమున 8 కోట్లకు పైగా జనులు మాతృభాషగా చెప్పుకొన్న తెలుఁగులోని ఒక కూడిక ఆ పరీక్షల కన్నులనుండి తప్పించుకొన్నది. వేయి పరీక్షలు నెగ్గెనని చెప్పువారిని మన మడుగవలసిన ప్రశ్న ఇచ్చటనే యున్నది. ఎన్ని పరీక్షలు చేసితిరని గాదు. ఎవరిని తలఁచుకొని చేసితిరని. పరీక్షించువాని మనస్సులో ఎవఁడు లేఁడో వాని కష్టము ఆ లెక్కలో చేరదు.

దీనికంటె బరువైన సంగతిని చెప్పుటకు మనస్సు సంకోచించుచున్నను చెప్పక తీఱదు. 2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ రాష్ట్రమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడెను. వ్రాసినవారు 9 లక్షలకు పైగా. ఆ యేఁట ఫలితములను సిద్ధపఱచుపని క్రొత్తగా ఒక ప్రైవేటు సంస్థకు, దాని సాఫ్టువేరునకు అప్పగింపఁబడి యుండెను. పరీక్షకు హాజరైనవారు గైరుహాజరైరని కొందఱి పత్రములలో వచ్చెను. మొదటి సంవత్సరమున ఉత్తమముగా నెగ్గిన యొక బాలికకు తెలుఁగులో సున్న వచ్చెను. తిరిగి చూడఁగా ఆమె మార్కులు 99. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఎవరి మరణమునకు ఏది కారణమో నిర్ణయించుట మా పని గాదు. ఆ దుఃఖమంతటిని యంత్రముపై మోపుటయు న్యాయము గాదు. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల విచారణసంఘమును నియమించి, తప్పిన వారందఱి పత్రములను రుసుము లేకుండ తిరిగి చూపించెను. అట్లు చూడఁగా 1,100 మందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులని తేలెను.

ఇచ్చట పాఠకులు కొంచె మాగి లెక్క వేయవలెను. 9 లక్షలలో 1,100 అనఁగా నూటికి 0.12 మాత్రమే. ఈ గుఱుతుచే చూచినచో నూటికి 99.88 పాళ్లు సరియేనని చెప్పవచ్చును. ఏ సంస్థయైనను ఇట్టి సంఖ్యను గోడపై పటము కట్టించుకొనును. అయితే ఆ 0.12 అను సంఖ్య వెనుక 1,100 గృహములు కలవు. నెల దినములకు పైగా తప్పినవాఁడను మాటను మోసిన 1,100 పిల్లలు కలరు. నాలుగు కొమ్ములు పుచ్చియున్నచో పసుపు వెల కొంత తఱుగును. మనుష్యుల విషయమున ఆ తఱుగు బస్తా కంతటికి సమానముగా పంచఁబడదు. ఒక్కొక్క తప్పు ఒక్కొక్కనిపై పూర్తిగా పడును. నూఱు గొఱ్ఱెలలో తొంబదితొమ్మిది దొడ్డిలో నున్నవి గదా యని తృప్తిపడని కాపరి కథను మన పిల్లలందఱు నెఱుఁగుదురు. ఆ కాపరికి శాతములు తెలియక గాదు. పోయినది యేదో పేరుతో నెఱిఁగినవాఁడు గనుక వెదక బయలుదేరెను.

ఆ బాలిక సున్నను గూర్చి మఱియొక మాట. ఆ సున్నను యంత్రము తనంతట పుట్టింపలేదు. పత్రమును దిద్దినవారు 99కి బదులు 00 గడులను నింపుటచే అది పుట్టెనని అధికారులు ప్రకటించిరి. అట్లయినచో సాఫ్టువేరు నిర్దోషమా? ఇచ్చినదానిని ఇచ్చినట్లు చదివెను గనుక దానిపై చేయఁగల పరీక్షలన్నియు నెగ్గునేమో. కాని అనుభవశాలియగు గుమాస్తా ఆ కాగితమును చూచియుండినచో, ఇంత బాగుగా చదువుపిల్లకు మాతృభాషలో సున్న యేమిటని కలము దించి, కట్టను తిరిగి విప్పియుండును. ఆ గుమాస్తా స్థానమును సాఫ్టువేరున కిచ్చినపుడు ఆ సందేహమును కూడ దానికి నేర్పవలసి యుండెను. చెప్పినదానిని చేయుట సాఫ్టువేరు నాణ్యములో సగము మాత్రమే. తనకు వచ్చినది నమ్మదగినదా యని యడుగుట మిగిలిన సగము.

అంకెలు లేకుండ ఇంత పెద్ద వ్యవహారములను నడుపుట సాధ్యమా యని ఆ వృత్తిలోనివారు మమ్మడుగవచ్చును. సాధ్యము గాదని మేమును ఒప్పుకొనుచున్నాము. కొలువవలదని మేమనుట లేదు. కొలుచుటకు మేలైన త్రోవలు కలవు, వానిని విడువరాదని మాత్రమే అనుచున్నాము.

మొదటి త్రోవ: మిగిలియున్న తప్పులను అంచనా వేయుట. దీనిని మన పిల్లలు పలకపై చేయవచ్చును. ఈ పత్రిక ప్రూఫులను ఇద్దఱు వేఱువేఱుగా చదివిరనుకొందము. ఒకఁడు 20 తప్పులు పట్టెను. రెండవవాఁడు 15 పట్టెను. ఇద్దఱికిని దొరకినవి 12. రెండవవాని 15లో మొదటివాఁడు పట్టినవి 12, అనఁగా అయిదింట నాలుగు. మొదటివాని చూపు అంతటను అట్టిదే యనుకొన్నచో, 20 అనునది మొత్తములో అయిదింట నాలుగు కావలెను. కావున మొత్తము 25. ఇద్దఱును కలిసి పట్టినవి 23. ఇంకను రెండు దాఁగియున్నవని అంచనా. చెఱువులోని చేపలను ఈ లెక్కచేతనే అంచనా వేయుదురు. హార్లన్ మిల్స్ అను అమెరికా గణితవేత్త 1970 తరువాతి సంవత్సరములలో ఈ యూహనే ప్రోగ్రాములకు అన్వయించి, కావలెనని కొన్ని తప్పులు నాటి, పరీక్షలు వానిలో నెన్నిటిని పట్టునో చూడవలెనని సూచించెను. ఇది పట్టిన తప్పుల లెక్క గాదు. పట్టువాని కంటిచూపు లెక్క.

రెండవ త్రోవ: రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచుట. ఇది మన కడపకు క్రొత్త గాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొరగారు పండితులను తన బంగళాలో చేర్చుకొని, ఒక్కొక్క గ్రంథమునకు పలు వ్రాఁతప్రతులను తెప్పించి, పాఠములను పోల్పించెను. ఒక్క ప్రతిని మాత్రమే చూచినచో లేఖకుని పొరపాటు కవి మాటవలెనే కనఁబడును. రెండవ ప్రతి ప్రక్కకు వచ్చినపుడే తేడా బయటపడును. సాఫ్టువేరునందును పాత పద్ధతిని, క్రొత్త పద్ధతిని కొంతకాలము జతగా నడపి, ఫలితములను పోల్చుట తెలిసిన యుపాయమే. 2019లో ఆ కలఁత పుట్టిన పిదప, తిరిగి చూచిన ఫలితములను స్వతంత్రమగు వేఱొక సంస్థచేతను లెక్కకట్టించి సరిచూడవలెనని నిశ్చయించిరి. ఆ పని ముందుగా జరుగవలసినది.

మూఁడవ త్రోవ: అమ్మువాఁడు వేఱు, కొలుచువాఁడు వేఱు కావలెను. బంగారమునకు 2021 జూన్ 16వ తేదీనుండి మన దేశమున హాల్‌మార్కు ముద్ర విడతలవారిగా నిర్బంధ మాయెను. 22 కారట్ల నగపై 916 అను గుఱుతును, ఆఱక్షరముల సంఖ్యయు నుండును. ఆ ముద్రను వేయునది నగ నమ్మిన అంగడి గాదు, వేఱొక పరీక్షాకేంద్రము. నగకు చేసిన యీ న్యాయమును పిల్లల మార్కులను లెక్కించు సాఫ్టువేరునకు చేయకుండుట యేల? అంతే గాక కొలుచువానిని సైతము కొలువవలెను. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ పంపిన సవరణ యొక్కటి లోకమున 85 లక్షల కంప్యూటర్లను పడవేసెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చీటీలను చేతితో వ్రాసి యిచ్చిరి. ఆ సవరణను ముందుగా తనిఖీచేసిన సాధనమునందే లోప ముండుటచే అది సరియని తప్పించుకొనెను. కొలకఱ్ఱయే వంకరయైనపుడు గోడ తిన్నగానే యున్నట్లు తోఁచును.

నాలుగవ త్రోవ: తప్పు జరిగిన పిదప నడత. చేసిన మార్పులలో నెన్ని చెడినవి? చెడినది ఎంతసేపటికి బాగుపడెను? ఫిర్యాదు చేసినవాని కెన్నిదినములకు ప్రత్యుత్తరము వచ్చెను? ఈ లెక్కలను దాఁచుట కష్టము. ఇవి వాడువాని గడియారముతో కొలువఁబడును గాని అమ్మువాని గడియారముతో గాదు.

ఇంతవఱకు చెప్పినదాని సారాంశ మొక్కటే. నాణ్యమునకు కొలత నష్టపడువాని వైపునుండి మొదలు కావలెను. 2011లో ప్రకటింపఁబడిన అంతర్జాతీయ ప్రమాణ మొకటి సాఫ్టువేరునకు ఎనిమిది గుణములను చెప్పెను. 2023లో దానిని సవరించి తొమ్మిది చేసిరి. అవి మంచివే. అయినను మా ప్రాంతమున చౌకదుకాణపు యంత్రముపై వ్రేలు మోపు వృద్ధుఁడు ఆ తొమ్మిదింటి పేళ్లు నెఱుఁగఁడు. కలుపుతీసి, రాళ్లు మోసి, అరిగిపోయిన ఆ వ్రేలి గీఁతలను యంత్రము గుఱుతుపట్టునా, పట్టనిచో ఆయన బియ్యము లేకుండ తిరిగి పోవలెనా, లేక వేఱొక త్రోవ కలదా యనునదే ఆయన యడుగు ప్రశ్న. ఆ యంత్రమును పరీక్షించువారు మెత్తని వ్రేళ్లతోఁబాటు అట్టి వ్రేళ్లను గూడ పరీక్షలో చేర్చిరా? ఇది కొలతలలో మొదటి కొలత కావలెనని మా మనవి.

కావున ప్రజల సొమ్ముతో, ప్రజలకొఱకు సాఫ్టువేరును తెప్పించు అధికారులు మూఁడు నియమములను పాటింపవలెనని మేము కోరుచున్నాము. వ్రాసినవారు గాక వేఱొకరు పరీక్షింపవలెను. పాత పద్ధతితో ఒక పర్యాయమైనను జతగా నడపి పోల్చక క్రొత్తదానిని నమ్మరాదు. ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, ఎన్నిదినములలో తీఱినవి యను లెక్కను, అందఱికిని తెలియునట్లు, తెలుఁగులో ప్రకటింపవలెను. వీనికి వ్యయమగు ననుట నిజమే. కాని ఆ వ్యయమును తప్పించుకొన్నపుడు అది మాయమై పోదు. సొమ్ములేనివాఁడు దానిని కన్నీటితో చెల్లించును.

పరీక్షకులుగా పనిచేయుచున్న మన పూర్వవిద్యార్థులకు ఒక మాట. తప్పు పట్టుట చిన్నపని యని మీతోడివా రనవచ్చును. వంకరత్రాసు ఎంత హేయమైనదో సామెతల గ్రంథమును చదివిన మీకు మేము చెప్పనక్కఱలేదు. విడుదలతేదీ ముంచుకొని వచ్చుచున్నదని, అన్నియు నెగ్గినవని వ్రాయుమని పైవా రొత్తిడి చేసినపుడు, మీరు పెట్టు సంతకము త్రాసుముల్లు వంటిదని జ్ఞాపకముంచుకొనుఁడు.

ఇప్పుడు బల్లలపై కూర్చున్న పిల్లలకును ఒక మాట. మీ లెక్కను మీరే దిద్దుకొనుఁడు. పిదప ప్రక్కవానికిచ్చి దిద్దించుకొనుఁడు. వాఁడు తప్పు చూపినపుడు కోపగింపకుఁడు. వాఁడు మీకు మేలు చేసినవాఁడు. యంత్ర మిచ్చిన మార్కు మీ విలువ గాదు. అది తప్పయినచో అడిగి దిద్దించుకొనవచ్చును. నిజమే యయినను మరల వ్రాయవచ్చును. ఫలితము చూచి మనస్సు చీఁకటిపడినపుడు ఒంటరిగా నుండక తల్లిదండ్రులయొద్దకో, మీ యుపాధ్యాయులయొద్దకో రండు. ఏ ప్రోగ్రామును లెక్కించి మీ వెల కట్టఁజాలదు.